ద వైర్ సీజన్ 2: రేవు కథ ఎందుకు, కంటెయినర్ మాయం ఎలా? (స్పాయిలర్లు ఉన్నాయి)

సముద్రఘోష:

ద వైర్ అంటే బాల్టిమోర్ పోలీసుల, మత్తుమందు ముఠాల కథ చెప్పే అమెరికన్ టీవీ సీరియల్. దాని రెండో సీజన్ 12 ఎపిసోడ్లూ అయిపోయాయి. 2003లో ఇది వచ్చినప్పుడు "మొదటి సీజన్‌లోని మత్తుమందుల బార్క్స్‌డేల్ ముఠాను వదిలేసి ఈ రేవు కూలీల గోల ఏమిటి" అని విసుక్కున్నవాళ్లు చాలామంది. ఇప్పుడు ఇదే సీజన్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్లూ అంతే మంది. విసుక్కున్నవాళ్ల బాధ నాకు బాగానే అర్థమవుతోంది. మెచ్చుకునేవాళ్లు ఏం చూసి మెచ్చుకుంటున్నారో తెలుసుకోవాలని ఈ పోస్టు.

నాకు చిక్కుపడినవి ఇవి. పోర్టులో కంటెయినర్ "మాయం" కావడమంటే అసలు ఏం జరుగుతోంది? కంప్యూటర్‌లో లేనిదాన్ని డిటెక్టివ్‌లు ఎలా పట్టుకున్నారు? 14 హత్యలు మా నెత్తిన వద్దంటే మా నెత్తిన వద్దని పోలీసులే కొట్టుకోవడం దేనికి? ఫోన్ ట్యాప్ చేయడానికి సగం సీజన్ దాటాలా? బార్క్స్‌డేల్ ముఠా మత్తుమందు అమ్మే టవర్ల (ఎత్తయిన నివాస భవనాల) కథకీ రేవు కథకీ ముడి ఎక్కడుంది? చివరికి దొంగసరుకు ముఠా నాయకుడు ద గ్రీక్ చేతులు దులుపుకుని వెళ్లిపోతాడు, అంతేనా?

సీజన్ 3 మొదలుపెట్టేలోపు ఇవి తేలితే చాలు. పూర్తిగా చూసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి. ఒక్కటే విన్నపం, సీజన్ 3 నుంచి ఏమీ బయటపెట్టకండి.

కళాసీ:

కంటెయినర్ సంగతి ముందు తేల్చుకుందాం. సీజన్ మొత్తం దాని మీదే నిలబడింది.

ఓడ నుంచి క్రేన్ పెట్టెను దించగానే కింద నిలబడిన చెకర్ దాని నంబరు చూసి చేతి యంత్రంలో కొడతాడు. ఆ నొక్కుడుతోనే పెట్టె పోర్టు కంప్యూటర్‌లోకి వస్తుంది. ఏ వరసలో పెట్టారు, ఏ లారీ తీసుకెళ్లాలి, సుంకం కట్టారా, అన్నీ ఆ నంబరుకే తగులుకుని ఉంటాయి. హార్స్‌ఫేస్ అనే చెకర్ చేసేదల్లా ఆ ఒక్క నొక్కుడు ఎగ్గొట్టడం. పెట్టె నేల మీద కళ్లెదుటే ఉంటుంది, కంప్యూటర్ లెక్కలో మాత్రం ఓడ దిగనే లేదు. ఈలోపు గ్రీక్ ముఠాలోని సెర్గీ లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. తాళం పగలగొట్టేది లేదు, గోడ దూకేది లేదు. చేయాల్సిన పని చేయకపోవడమే ఇక్కడ దొంగతనం. ఎవరైనా నిలదీసినా "వేల పెట్టెలు వస్తుంటాయి, ఒకటీ అరా తప్పిపోతాయి" అనేస్తే సరిపోతుంది. నిజంగా తప్పిపోయేవీ ఉంటాయి గనక ఆ సాకు బలంగా నిలబడుతుంది.

మరి నంబరు తప్పుగా కొట్టి మాయం చేయొచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. అది అంత తేలిక కాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6346 ప్రకారం కంటెయినర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె ఉంటాయి. ప్రతి అక్షరానికీ ఒక విలువ ఇచ్చారు. మొదటి స్థానాన్ని 1తో, తరవాతి వాటిని 2, 4, 8, 16 ఇలా రెట్టింపు చేసుకుంటూ గుణించి, అన్నీ కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషమే ఆ తనిఖీ అంకె. సీఎస్‌క్యూయూ 305438 తీసుకోండి. మొత్తం 6185 వస్తుంది, 11తో భాగిస్తే 3 మిగులుతుంది, కాబట్టి చివర 3 వేస్తారు. మధ్యలో 4 బదులు 5 కొడితే మొత్తం 6313 అవుతుంది, శేషం 10, దాన్ని 0గా రాస్తారు. పెట్టె మీద 3 ఉంది, లెక్కలో 0 వచ్చింది, తప్పు అక్కడే దొరికిపోతుంది. సీరియల్‌లో ఈ లెక్క చెప్పరు. ఇది తెలిస్తే మాత్రం తప్పు కొట్టడం కన్నా అసలు కొట్టకపోవడమే ఎందుకు మేలో అర్థమవుతుంది.

ఇక డిటెక్టివ్‌ల పద్ధతి. ఒక్క మాయమైన పెట్టెను పట్టుకుంటే అది పొరపాటు అని తప్పించుకుంటారు. అందుకే పోర్టు కంప్యూటర్ తెర తమ గదిలోనే కనిపించేలా పెట్టుకుని, దిగిన ఓడనీ మాయమైన పెట్టెనీ ఆ పూట పనిలో ఉన్న చెకర్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. పెట్టెలు మారుతున్నాయి, రోజులు మారుతున్నాయి, చెకర్ మాత్రం హార్స్‌ఫేసే. మొదటి సీజన్‌లో పేజర్ నంబర్లతో చేసినది ఇక్కడ కంటెయినర్ నంబర్లతో చేశారు. పద్ధతి మారలేదు, వస్తువు మారింది.

నిఘా77:

14 హత్యల తగువు నాకు ఈ సీజన్‌లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పాత కక్ష, కాగితం లెక్క, నిజమైన దర్యాప్తు మూడూ ఒకే చోట కలుస్తాయి.

మొదటి ఎపిసోడ్‌లో హార్బర్ గస్తీ పడవలో ఉన్న డిటెక్టివ్ మెక్‌నల్టీకి నీళ్లలో ఒక స్త్రీ శవం దొరుకుతుంది. అది నగర పోలీసుల పరిధి కాదని హత్యల విభాగం అధికారి రాల్స్ వదిలించుకుంటాడు. మెక్‌నల్టీ పోటుపాట్ల పట్టికలు, గాలి దిశ, శవం నీళ్లలో ఉన్న సమయం ముందేసుకుని వెనక్కి లెక్క కడతాడు. ఆమె నీళ్లలో పడింది నగర జలాల్లోనేనని తేల్చి, మూడు పేజీలు ఫ్యాక్స్ కొడతాడు. తనను పడవెక్కించిన రాల్స్ మీద అది కసి. న్యాయం కోసమే అనుకుంటే ఆ పాత్రను సగమే చూసినట్టు.

పెట్టెలో చనిపోయిన 13 మందిదీ ఇదే వరస. పోర్టు పోలీసు బీడీ రస్సెల్ సీలు తెగిన పెట్టెను తెరిచి చూడబట్టి బయటపడ్డారు. ఊపిరాడక పోయారు, ప్రమాదం అని మూసేద్దామనుకున్నారు. పెట్టె పైన గాలి గొట్టం నొక్కుకుపోయి ఉంది. అది దానంతటది వంగినది కాదు, ఎవరో కావాలని నలగ్గొట్టినది అని మెక్‌నల్టీ పట్టేశాడు. దాంతో ప్రమాదం కాస్తా హత్య అయింది, అదీ నగర పరిధిలో. ఓడలో ఒకామె ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకుంది, ఆమెను నీళ్లలో పడేశారు. అది చూసిన మిగతావాళ్ల నోరు మూయించడానికి గాలి ఆపేశారు. ఆ గొట్టం మీది నొక్కును తెర మీద ఎంతసేపు చూపిస్తారో మళ్లీ చూడండి. సీజన్‌లో పెద్ద నిజం అంత చిన్న వస్తువులో పెట్టారు.

రాల్స్ ఎందుకు అంత వణికాడంటే, హత్యల విభాగం పనితనాన్ని తేలిన కేసుల శాతంతో కొలుస్తారు. నిందితుడి పేరు లేని, చనిపోయినవాళ్ల పేర్లు కూడా లేని 14 కేసులు ఒకే రోజు లెక్కలో చేరితే ఆ ఏడాది శాతం మట్టికొట్టుకుపోతుంది. ఓడ అట్లాంటిక్ లైట్ అప్పటికే ఫిలడెల్ఫియా చేరిపోయింది. డిటెక్టివ్‌లు బంక్, లెస్టర్ అక్కడిదాకా వెళ్లినా సిబ్బంది ఒక్క ముక్క ఇంగ్లీషు రాదన్నట్టు కూర్చుంటారు.

ఫోన్ ట్యాప్ ఆలస్యానికి చట్టం కారణం. అమెరికాలో 1968 చట్టం ప్రకారం ట్యాప్ అనుమతి అడిగేవాళ్లు ముందు మామూలు దారులన్నీ ప్రయత్నించామని, కుదరలేదని, లేదా కుదిరే అవకాశం లేదని న్యాయమూర్తికి ప్రమాణపత్రంలో చూపాలి. అనుమతి గరిష్ఠంగా 30 రోజులు, పొడిగించాలంటే మళ్లీ అడగాలి. కేసుకు సంబంధం లేని మాటలు వినకూడదు, అందుకే హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు మధ్యమధ్య ఆపేస్తుంటారు. వెంబడించడం, చిల్లర కొనుగోళ్లు, ఫొటోలు, ఇలా మధ్య ఎపిసోడ్లలో సాగదీసినట్టు కనిపించేదంతా ఆ ప్రమాణపత్రంలో ఎక్కే వరసలే. ఇది తెలిసి చూస్తే 5 నుంచి 8 దాకా సాగదీత అనిపించదు.

మూడోకన్ను:

పై ఇద్దరూ చెప్పింది సరే, కానీ సీజన్‌లో లోపాలు ఉన్నాయి. అభిమానం ఉన్నవాళ్లే అవి ఒప్పుకోవాలి.

కిరాయి హంతకుడు బ్రదర్ మౌజోన్ ఈ సీరియల్ మనిషి కాదు. బో టై, పత్రికలు, కొలిచినట్టు మాట్లాడటం, ఒక్కడే వచ్చి టవర్లను వణికించడం, ఇదంతా వేరే సీరియల్ నుంచి నడిచొచ్చినట్టు ఉంటుంది. మత్తుమందు ముఠాలను దోచుకునే ఒమర్ కూడా కొంత పెద్దది చేసి చూపిన పాత్రే. కానీ ఒమర్‌కు భయం ఉంది, ఆకలి ఉంది, చనిపోయిన ప్రియుడు బ్రాండన్ మీద ప్రేమ ఉంది. మౌజోన్‌కు తీరు తప్ప ఇంకేం లేదు.

రెండోది నాకు ఇంకా ముల్లులా గుచ్చుతుంది. 14 మంది ఆడవాళ్ల చావుతో మొదలైన కథలో వాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. నీళ్లలో దొరికినామె పేరు కనుక్కోవాలని మెక్‌నల్టీ తిరుగుతాడు, ఓడిపోతాడు. లోకం వాళ్లను పట్టించుకోలేదని చూపడానికే అలా రాశారని సమర్థిస్తారు. ఒప్పుకుంటా, కానీ పట్టించుకోని లోకాన్ని చూపిస్తూ కథ కూడా వాళ్లను పట్టించుకోకపోతే తేడా ఏముంది? ఆరో ఏడో ఎపిసోడ్ వచ్చేసరికి వాళ్లు కేసు నంబర్లు అయిపోయారు. రేవు కూలీల యూనియన్ నాయకుడు ఫ్రాంక్ సోబోట్కా బాధకు ఇచ్చిన చోటులో పదో వంతు వీళ్లకు ఇవ్వాల్సింది.

పోలీసు అధికారి వాల్చెక్ ఉదంతం మాత్రం బంగారం. చర్చిలో రంగుటద్దాల కిటికీ తన పేర పెట్టిద్దామనుకుంటే యూనియన్‌వాళ్లు ముందే ఇచ్చేశారని కక్ష కట్టి, దాని కోసం ఒక దర్యాప్తు బృందాన్నే వేయిస్తాడు. ఇంత పెద్ద కేసు పుట్టింది ఒక కిటికీ గొడవలోంచి. వాళ్లు అతని నిఘా వ్యానును కంటెయినర్‌లో ఎక్కించి పంపేస్తే, ఒక్కో రేవు నుంచి దాని ఫొటో టపాలో వస్తుంటుంది. ఆ ఫొటోలు పంపినవాళ్లు ఆయా రేవుల కళాసీలు. ఒక్క మాట చెప్పకుండా రేవు కూలీల మధ్య ఉన్న బంధాన్ని ఆ ఫొటోలే చెబుతాయి.

సముద్రఘోష:

కంటెయినర్ చిక్కు తీరింది, ప్రమాణపత్రం సంగతి అసలు తట్టనే లేదు. ఇంకో సందేహం. ఫ్రాంక్ కొడుకు జిగ్గీ ఎందుకు? ప్రతి సన్నివేశంలోనూ చిరాకు పుట్టించే మనిషికి ఇంత సమయం ఎందుకు ఇచ్చారు? అభిమానుల్లో ఎక్కువమందికి పడని పాత్ర ఇతనే అనిపిస్తోంది. ఫ్రాంక్ మీద జాలి కూడా నాకు పూర్తిగా కుదరలేదు. దొంగసరుకు దించినవాడే కదా.

కళాసీ:

జిగ్గీని విడిగా చూస్తే చిరాకే. పని దినాలతో కలిపి చూడండి. రేవులో పని సీనియారిటీ ప్రకారం పంచుతారు. ఓడలు తగ్గాయి, జిగ్గీ బంధువు నిక్ లాంటి కుర్రాళ్లకు నెలలో కొద్ది రోజులే పిలుపు వస్తుంది. జిగ్గీకి ఆ పని కూడా సరిగ్గా చేతకాదు. యూనియన్ నాయకుడి కొడుకు, చేయడానికి పని లేదు, అందుకే బార్‌లో నవ్వించడమే పనిగా పెట్టుకున్నాడు. బాతును వెంటేసుకుని బార్‌కు రావడం దగ్గర చాలామంది నవ్వి ఊరుకుంటారు, ఆ బాతు చచ్చిపోయేటప్పుడు మాత్రం నవ్వు ఆగిపోతుంది. పదో ఎపిసోడ్‌లో గ్రీక్ మనిషి గ్లేకస్ దుకాణంలో దొంగిలించిన కార్ల డబ్బు సగానికి సగం కోసి, ఎగతాళి చేసి గెంటేస్తే తుపాకీ తెచ్చి కాల్చేస్తాడు. తరవాత కారులో కూర్చుని ఏడుస్తాడు చూడండి, తొమ్మిది ఎపిసోడ్ల వెకిలితనం ఆ ఏడుపు కోసమే పేర్చారు. ఆ నటుడు జేమ్స్ రాన్సోన్ ఎక్కడా సానుభూతి అడుక్కోలేదు, అదే ఆయన గొప్ప.

ఫ్రాంక్ దొంగే, దాన్ని సీరియల్ దాచదు. కానీ ఆ డబ్బు ఎటు పోతోందో గమనించండి. ఇల్లు మారలేదు, బండి మారలేదు. అంతా లాబీయిస్ట్ (రాజకీయ నాయకులను ఒప్పించి పని చేయించేవాడు) చేతిలో పోస్తున్నాడు, రెండు పనుల కోసం: చెసపీక్-డెలావేర్ కాలువలో పూడిక తీయించడం, మూతపడ్డ ధాన్యం రేవును తెరిపించడం. పూడిక తీస్తే పెద్ద ఓడలు వస్తాయి, ఓడలు వస్తే గంటలు పెరుగుతాయి. ఏడో ఎపిసోడ్‌లో రాటర్‌డ్యామ్ రేవు వీడియో చూపించే సన్నివేశం మళ్లీ చూడండి. తెర మీద మనుషులు లేకుండా పెట్టెలు వాటంతటవే కదులుతుంటాయి, చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడుతుంటారు, ఫ్రాంక్ ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. పూడిక తీసి ఓడలు తెచ్చినా వాటిని దించడానికి మనిషి అక్కర్లేదని అక్కడే అతనికి తెలిసిపోయింది. అయినా డబ్బు పోయడం ఆపడు.

ధాన్యం రేవు చివరికి ఖరీదైన అపార్ట్‌మెంట్ల పాలవుతుంది. కథకు అల్లిన ముగింపు అనుకుంటారు గానీ, బాల్టిమోర్ లోకస్ట్ పాయింట్‌లో 1923 నాటి నిజమైన ధాన్యపు గాదెను కూడా తరవాత అపార్ట్‌మెంట్లుగా మార్చారు, 2009లో సైలో పాయింట్ పేరుతో తెరిచారు. ఈ సీజన్ వచ్చిన ఆరేళ్లకు.

పాతరీలు:

రెండోసారి చూసేవాళ్లకు ఒకటి రెండు మాటలు.

మొదటి ఎపిసోడ్లలో కేఫ్ సన్నివేశాలు వచ్చినప్పుడు మాట్లాడేవాళ్లను వదిలేసి కౌంటర్ దగ్గర చూడండి. ద గ్రీక్ కుడిభుజం వాండాస్ ఇక్కడ బేరాలాడుతుంటే అక్కడ ఒక ముసలాయన పేపర్ చదువుతూ కూర్చుంటాడు. ఆయనే ద గ్రీక్. చివర్లో తాను గ్రీకువాడినే కాదంటాడు. పేరు కూడా అబద్ధమే అని తేలేసరికి, పోలీసుల గోడ మీది బొమ్మలో ఆ గడి ఎందుకు నిండలేదో తెలుస్తుంది.

సిరీస్‌ను తీసింది 4:3 కొలతలో. 2014 చివర్లో 16:9 కొలతకు హెచ్‌డీలో మార్చి విడుదల చేశారు. రేవు దృశ్యాలకు వెడల్పు తెర బాగానే కలిసొచ్చింది, క్రేన్లూ పెట్టెల వరసలూ నిండుగా కనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు గదిలో కూర్చుని మాట్లాడుకునే చోట మాత్రం పాత కొలతలోనే బిగువు ఎక్కువ. రెండూ దొరికితే ఫ్రాంక్ ఆఫీసు సన్నివేశాలు పాతదాంట్లో చూడమంటాను.

టైటిల్స్ దాటేయకండి. ప్రతి సీజన్‌కూ అదే పాట, పాడేవాళ్లు వేరు. ఈ సీజన్‌లో రాసినాయనే, టామ్ వెయిట్స్, పాడారు. ఆ గరుకు గొంతు తుప్పు పట్టిన రేవుకు సరిగ్గా అతికింది.

నిఘా77:

మిగిలిన రెండు ప్రశ్నలు.

టవర్లనీ రేవునీ కలిపేది మత్తుమందు సరుకే. మొదటి ఎపిసోడ్‌లో బార్క్స్‌డేల్ ముఠా కుర్రాడు బోడీ ఫిలడెల్ఫియా వెళ్లి తెచ్చిన కారులో ఏమీ ఉండదు, గుర్తుందా? ముఠా నాయకుడు అవాన్ బార్క్స్‌డేల్ అరెస్టయ్యాక న్యూయార్క్ సరఫరాదారులు చేయి లాగేసుకున్నారు. అవాన్ కుడిభుజం స్ట్రింగర్‌కు సరుకు లేదు, టవర్లు ఉన్నాయి. పోటీ ముఠా నాయకుడు ప్రాప్ జోకు టవర్లు లేవు, మంచి సరుకు ఉంది. అవాన్‌కు చెప్పకుండా ఇద్దరూ చేతులు కలుపుతారు. ప్రాప్ జోకు సరుకు ఇచ్చేది వాండాస్, గ్రీక్‌లే. అంటే హార్స్‌ఫేస్ నొక్కకుండా వదిలేసిన పెట్టెలతో నడిచే ముఠా సరుకే టవర్ల కింద అమ్ముడవుతోంది. రెండు కథలనుకున్నది ఒకే గొలుసుకు రెండు కొసలు. కొసలు రెండూ ఒకరినొకరు ఎరగరు. చూసేవాళ్లకు తెగిపోయినట్టు అనిపించేది అందుకే, ఆ అసంతృప్తి న్యాయమైనదే.

గ్రీక్ తప్పించుకోవడం అదృష్టం కాదు. ఎఫ్‌బీఐ ఏజెంట్ ఫిట్జ్ నమ్మి సమాచారం అడిగిన కూట్రిస్ అనే ఏజెంట్ ఉగ్రవాద నిరోధక విభాగంలో పనిచేస్తుంటాడు, గ్రీక్ అతనికి సమాచారం ఇచ్చే మనిషి. ఫ్రాంక్ నోరు విప్పడానికి ఒప్పుకున్న మాట అటు నుంచే గ్రీక్ చెవిన పడుతుంది. 11వ ఎపిసోడ్ చివర వంతెన కింద ఫ్రాంక్ ఒంటరిగా నడిచివెళ్లే సన్నివేశం చూసేటప్పుడు మనకు అది తెలుసు, అతనికి తెలియదు. ఆ వంతెన ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జి. 2024 మార్చి 26న డాలీ అనే కంటెయినర్ ఓడ ఢీకొట్టి కూలిపోయింది. ఇప్పుడు ఆ సన్నివేశం చూస్తే గుండె ఇంకోలా బరువెక్కుతుంది.

మూడోకన్ను గారు అన్న 14 మంది పేర్ల విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఆ మాట నిజం. మౌజోన్ మీద మాత్రం తొందరపడకండి.

సీజన్ 3కి వెళ్లేముందు గుర్తుంచుకోవాల్సినవి: ఆరో ఎపిసోడ్‌లో జైలులో అవాన్ మేనల్లుడు డిఏంజెలో చావు ఆత్మహత్య కాదు, స్ట్రింగర్ చేయించాడు, అవాన్‌కు ఆ సంగతి తెలియదు. ప్రాప్ జో ఒప్పందం అవాన్‌కు ఇష్టం లేకుండా కుదిరింది. బ్రాండన్‌ను చిత్రవధ చేసింది మౌజోనేనని స్ట్రింగర్ ఒమర్‌కు అబద్ధం చెప్పి ఎగదోశాడు, కాల్చాక ఒమర్‌కు అనుమానం వచ్చింది, మౌజోన్ బతికే వెళ్లిపోయాడు. ఈ మూడూ పట్టుకుంటే చాలు. రేవు మనుషుల్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని పెద్దగా లేదు, బీడీని తప్ప.

సముద్రఘోష:

అందరికీ చాలా థాంక్స్. ఒకటీ, ఆరూ, ఏడూ, పదకొండూ మళ్లీ చూసి, ఆ తరవాతే మూడుకి వెళ్తా. కౌంటర్ దగ్గర ముసలాయన్ని మొదటిసారి నిజంగానే గమనించలేదు.

మూడోకన్ను:

వీటితో పాటు 12 చివర్లో యూనియన్ ఓటు కూడా చూడండి. నాయకత్వం మార్చకపోతే యూనియన్‌నే తీసేస్తామని ఎఫ్‌బీఐ చెప్పినా, చనిపోయిన ఫ్రాంక్‌కే ఓటేస్తారు. తరవాత ఆఫీసు తలుపుకు తాళం పడుతుంది. ఆ తాళాన్ని దగ్గరగా చూపిస్తారు.